కుక్కకు గడప నేర్పడం

ఇదివరకు మన సంఘంలో కుక్కను పెంచే కుటుంబాలను వేళ్ళమీద లెక్కపెట్టేవాళ్ళం. 2020లో బళ్ళు మూతబడి పిల్లలు ఇళ్ళల్లో చిక్కుబడ్డ దగ్గర్నుంచీ ఆ లెక్కకు వేళ్ళు చాలడం లేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రస్తావన రాక మానదు. "పిల్లలు ప్రాణాలు తోడేస్తున్నారండీ. కానీ ఇద్దరం పొద్దున్నే ఉద్యోగాలకు పోయేవాళ్ళం. ఇల్లు పాడుచేస్తే ఎవరు చూస్తారు?" అంటారు. కూనను తెస్తే రెండు గంటలకోసారి బయటికి తీసుకుపోవాలి; అది ఉద్యోగస్తులకు కుదిరే పని కాదు. పోనీ పెద్ద కుక్కను తెచ్చుకోండి అంటే, "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను ఎవరో ఒకరు విస్తట్లో వడ్డిస్తారు.

మా ఇంట్లో ఒక మాను వంగింది. ఆ సంగతి రాయమని సంపాదకులు అడగ్గా అడగ్గా ఇప్పటికి కుదిరింది. మేమిద్దరమూ మనుషుల డాక్టర్లమే గాని పశువైద్యులం కాము. కనుక ఇందులో శాస్త్రం కొంత, మా ఇంట్లో జరిగింది కొంత. ఏది ఏదో తెలిసేటట్టే రాస్తాం. మలమూత్రాల ముచ్చట కనుక భోజనానికి ముందు చదవవద్దని మనవి.

అసలు ఈ విద్యకు తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషులో రెండు మూడు మాటలున్నాయి, మనకు ఒక్కటీ లేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది: మనకు ఆ అవసరమే రాలేదు. మా చిన్నప్పుడు తెనాలి దగ్గర పల్లెలో కుక్క అంటే వీధరుగు కింద పడుకునేది, అన్నం ముద్ద పడేసిన ఇంటిని కనిపెట్టుకుని ఉండేది. తలుపులు పగలంతా బార్లా తెరిచే ఉన్నా గడప మాత్రం దాటేది కాదు. దాటితే చీపురుకట్ట సిద్ధం. పసుపు రాసి బొట్లు పెట్టిన ఆ చెక్క దగ్గర లోకం రెండయ్యేది. అవతల కుక్కది, ఇవతల మనది. అవతల అది ఎక్కడ కాలెత్తినా అడిగేవాడు లేడు. ఇక నేర్పడానికేముంది?

ఈ దేశంలో గడప అంటే తలుపు కింద వేసిన అల్యూమినియం పట్టీ. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల గోడ నుంచి గోడ దాకా కార్పెట్టు, బయట మా ఒహాయోలో చలికాలమంతా మంచు. కుక్క కాపురం గడపకు ఇవతలే. మన ఊళ్ళో కుక్కకు గడప దాటకూడదని తెలిస్తే చాలు. ఇక్కడి కుక్కకు గడప దాటించమని మనల్ని అడగడం తెలియాలి. పని తలకిందులైంది.

మా వాడు గ్రేహౌండు, పందేల కుక్క. ఫ్లోరిడా రాష్ట్రంలో 2018 నవంబరు ఎన్నికల్లో ప్రజలు ఓటువేసి కుక్కల పందేలను నిషేధించారు. 2020 డిసెంబరు 31తో అక్కడ ఆఖరు పందెం ముగిసింది. ఆ రెండేళ్ళలో ఒక్కొక్క మైదానమూ మూతబడుతూ ఉంటే వేలకొద్దీ కుక్కలకు ఇళ్ళు వెతకవలసి వచ్చింది. మా వాడు 2020 నవంబరులో వ్యానులో ఉత్తరాదికి వచ్చాడు. ఒక కుటుంబం తీసుకున్నది, పదకొండు రోజులకు తిరిగి అప్పగించింది. కాగితం మీద కారణం ఒక్క ముక్క: ఇల్లు పాడుచేస్తున్నాడు. 2021 జనవరిలో ముక్కనుమ నాడు, శనివారం, మా ఇంటికి వచ్చాడు. రెండోసారి కూడా తిరిగి వస్తే మూడో ఇల్లు దొరకడం కష్టమని ఇచ్చినావిడ చెప్పకనే చెప్పింది.

ఈ పందెపు కుక్కలకు చెవుల లోపల పచ్చబొట్లుంటాయి. ఎడమ చెవిలో ఆ ఈత నమోదు సంఖ్య. కుడి చెవిలో పుట్టిన నెల, సంవత్సరంలో ఆఖరి అంకె, తోబుట్టువుల్లో వీడెవరో చెప్పే అక్షరం. మా వాడి కుడి చెవిలో 96బి. అంటే 2016 సెప్టెంబరు. నాలుగేళ్ళు నిండాయి, డెబ్బై పౌన్ల బరువు, ఆ పదకొండు రోజులు తప్ప ఇల్లనేది ఎరగడు. మెట్లు తెలియవు, నిలువుటద్దం తెలియదు, గాజు తలుపు తెలియదు. మొదటిరోజు మెట్లెక్కించడానికి ముగ్గురం తలా ఒక కాలూ పట్టుకోవలసి వచ్చింది. భైరవుడని పేరు పెట్టాం.

ముగ్గురంటే మేమిద్దరం, మూడో తరగతి చదివే మా పాప. నాలుగో మనిషి, 2020 ఫిబ్రవరిలో ఆర్నెల్లుందామని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఉండిపోయిన పెద్దావిడ. మాలో ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్తగారు. కనుక ఇక్కడ పెద్దావిడ అనే రాస్తాం. ఆవిడ షరతులు రెండే. పూజగది ఛాయలకు కుక్క రాకూడదు. ఉగాది నాటికి ఇల్లు ఇల్లులా ఉండకపోతే కుక్క వెళ్ళిపోవాలి. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 13. చేతిలో పన్నెండు వారాలు.

పందెపు కొట్టాల్లో ఈ కుక్కల దినచర్య ఏమిటో తెలుసుకుంటే సగం పని అయినట్టే. ఒక్కొక్కదానికి ఒక బోను. బోనులు రెండంతస్తులు, మామూలుగా ఆడవి పైన, మగవి కింద. రోజుకు నాలుగైదుసార్లు మూతికి చిక్కాలు వేసి గుంపుగా ఇసుక పెరట్లోకి వదులుతారు. అక్కడ పని ముగించుకుని మళ్ళీ బోనులోకి. ఆరోగ్యంగా ఉన్న కుక్క బోనులో తన పక్క తాను తడుపుకోదు. అంటే ఆపుకునే శక్తీ ఉంది, అలవాటూ ఉంది. కూనకూ పెద్ద కుక్కకూ తేడా అంతా ఇక్కడే. కూనకు మూత్రాశయం చిన్నది, దానిమీద అదుపు ఇంకా రాలేదు. వయసు వస్తేగాని రాదు. పెద్ద కుక్కకు ఆ అదుపు మనం నేర్పనక్కర్లేదు. దానికి తెలియనిదల్లా తన పక్క ఎక్కడితో అయిపోతుంది, పెరడు ఎక్కడ మొదలవుతుంది అన్నది.

మా వాడి లెక్కలో బోను వాకిలి దాటితే అంతా పెరడే. వాడు ఇల్లు పాడుచేయడం లేదు. తనకు తెలిసిన మర్యాద ప్రకారం, పక్క తడపకుండా, బుద్ధిగా బయటికి వచ్చి పని ముగించుకుంటున్నాడు. ఆ బయట మా లివింగ్ రూము కావడం వాడికి తెలియని సంగతి. కనుక మేము చేయవలసిన పని ఇదీ: బోను ముందున్న ఆ గడపను ఒక్కొక్క గదిగా జరుపుకుంటూ పోయి చివరకు పెరటి తలుపు దాకా చేర్చడం. పందెపు కుక్క కానక్కరలేదు. బయట గొలుసుతో కట్టేసి పెంచినది గాని, వీధుల్లో దొరికినది గాని, ఏ పెద్ద కుక్కకైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. ఇన్నాళ్ళూ దీని పక్క ఏది? దీని పెరడు ఏది?

అంతకంటే ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. ఇది డాక్టర్ల చాదస్తం అనుకోకండి. మూత్రానికి ఇన్ఫెక్షన్ వచ్చిన కుక్క కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తుంది. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు, కుషింగ్స్ జబ్బు ఉన్నది గాని, దురదకని స్టెరాయిడ్ బిళ్ళలు మింగుతున్నది గాని నీళ్ళు విపరీతంగా తాగుతుంది, తాగినదంతా పోస్తుంది. వీటిలో దేనికీ శిక్షణ మందు కాదు. పోస్తున్నదని నీళ్ళ గిన్నె దాచేసే వాళ్ళున్నారు. ఆ పని మాత్రం చేయవద్దు. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

భైరవుడి రక్తపరీక్ష కాగితం చూసి మా ఇద్దరికీ గుండె ఝల్లుమంది. హెమటోక్రిట్ 58. మనిషికైతే వెంటనే ఇంకో నాలుగు పరీక్షలు రాసేవాళ్ళం. గ్రేహౌండుకు అది మామూలేనట. క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, థైరాయిడ్ హార్మోను తక్కువ ఉండడం కూడా ఆ జాతికి సహజమే. మా రాష్ట్రంలోనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు ఈ జాతి కోసం విడిగా లెక్కలు కట్టి పెట్టారు. రక్తంలో దోషం లేదు గాని మలంలో కొంకి పురుగుల గుడ్లు కనిపించాయి. మన వైపు చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవాళ్ళ రక్తం పీల్చే పురుగుకు ఇది దాయాది. విరేచనం పలచగా అవుతున్నది అందుకే. కడుపు పాడైన జీవానికి గడప నేర్పబోవడం కలరా వార్డులో క్రమశిక్షణ నేర్పినట్టుంటుంది. ముందు మందు వేయించాం. పందెపు కుక్కల్లో మామూలు మందులకు లొంగని కొంకి పురుగులు ఇటీవలి ఏళ్ళలో బయటపడ్డాయి, కనుక మందు వేశాక మళ్ళీ పరీక్ష చేయించాలి. పెరట్లో మలం ఎప్పటికప్పుడు ఎత్తేయాలి; ఆ పురుగు పిల్లలు మట్టిలోంచి మనుషుల పాదాల చర్మంలోకీ దూరతాయి.

ఇక ఉద్యోగాల సంగతి. మాలో ఒకరికి ఆస్పత్రిలో ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు. ఇంకొకరికి పిల్లల క్లినిక్కు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. ఆ జనవరిలో చాలామంది ఇళ్ళల్లో కూచునే ఉద్యోగాలు చేస్తున్నారు గాని డాక్టర్లకు ఆ యోగం లేదు. సెలవు వారం మొదలయ్యే శనివారం చూసుకునే కుక్కను తెచ్చుకున్నాం. మొదటి వారం పగలంతా ఒక మనిషి వెంట ఉండడం చాలా కలిసివచ్చింది. ఆ సదుపాయం లేని వాళ్ళు శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని, పై వారంలో మూడు రోజులు సెలవు పెట్టుకుంటే బాగుంటుంది.

రెండో వారం నుంచి మా టైంటేబిలు ఇలా నడిచింది. తెల్లవారుజామున ఐదున్నరకు బయటికి. ఆరుకు తిండి. ఆరుంపావుకు మళ్ళీ బయటికి. ఇది ముఖ్యం, కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది, మనుషులకూ అంతే, కాఫీ తాగి పేపరు తీసుకుని వెళ్ళే పెద్దమనుషులందరికీ అనుభవమే. తిండి వేళ తప్పకపోతే రెండో పని వేళ కూడా తప్పదు. అందుకే రోజంతా గిన్నెలో తిండి వదిలేయకూడదు. ఆరు నలభైకి మేము బయలుదేరేవాళ్ళం. పదకొండున్నరకు పక్కవీధిలో ఉండే రిటైరైన పంతులమ్మగారు వచ్చి ఇరవై నిమిషాలు తిప్పేవారు, రోజుకు పదిహేను డాలర్లు. సాయంత్రం నాలుగు ముప్పావుకు మాలో ఒకరం. ఆరుకు తిండి, ఆ వెంటనే బయటికి. రాత్రి పదికి ఆఖరుసారి.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకోగలదు. అయితే కొత్త ఇంట్లో మొదటి నెలలో ఆపుకోమని అడగడం న్యాయం కాదు. "రాత్రి పది నుంచి ఐదున్నర దాకా పడుకుంటాడుగా, పగలు ఐదు గంటలకేం వచ్చింది?" అని మిత్రులొకరు అడిగారు. నిద్రలో కుక్క కదలదు, నీళ్ళు తాగదు. పగలు లేస్తుంది, తాగుతుంది, కిటికీలోంచి ఉడతను చూసి ఉద్రేకపడుతుంది. రాత్రి లెక్క పగటికి పనికిరాదు. మధ్యాహ్నం మనిషిని పెట్టుకోలేనివాళ్ళు భోజనం వేళకు తామే ఇంటికి వచ్చే దారి చూసుకోవాలి. ఈ ఒక్క ఖర్చు తప్పించుకుందామనుకుంటే కార్పెట్టు ఖర్చు వస్తుంది.

పెద్దావిడ ఇంట్లోనే ఉన్నారు కదా అంటారేమో. డెబ్బై పౌన్ల కుక్కను మంచులో పట్టుకోమని డెబ్బై ఏళ్ళ మనిషిని అడగలేం. ఆవిడ మడి సంగతి సరేసరి. అయితే ఆవిడ వేరే ఉద్యోగం చేపట్టారు. ఫ్రిజ్ మీద మేము ఒక చార్టు అంటించాం. ఆస్పత్రిలో మంచం పక్కన పేషెంటు తాగిందెంత, పోసిందెంత అని రాసే చార్టు లాంటిదే: ఏ వేళకు తిన్నాడు, ఏ వేళకు బయటికి వెళ్ళాడు, ఏం చేశాడు, లోపల ఏదైనా జరిగితే ఏ గదిలో, ఏ గంటకు. మేము లేనప్పటి గడులు ఆవిడ తెలుగులో నింపేవారు. "పం.గారు వచ్చిరి. ఒకటి మాత్రమే చేసెను" అన్న తరహాలో. రెండు వారాల చార్టు ముందు పెట్టుకుంటే కుక్క మనకు తెలుస్తుంది. సాయంత్రం తిండి తిన్న ఇరవై నిమిషాలకు, పాపతో ఆడుకున్న వెంటనే, నిద్ర లేవగానే. ప్రమాదాలన్నీ ఈ మూడు వేళల చుట్టే తిరిగాయి.

మేము ఇంట్లో ఉన్నంతసేపూ ఆరడుగుల తాడు ఒక కొస వాడి పట్టీకి, ఇంకో కొస మా నడుముకు. కొంగుకు ముడేసుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా వెంట కుక్క. నేల వాసన చూస్తూ చుట్టూ తిరగడం మొదలుపెడితే ఒక్క అరనిమిషం వ్యవధి ఉంటుంది, తలుపు దాకా పోవచ్చు. మేము లేని వేళల్లో వంటింటి పక్కన అడ్డగేటు పెట్టి చిన్న గదిలో ఉంచేవాళ్ళం, లోపలే వాడి బోను, తలుపు తీసి. బోనును శిక్షకు వాడకూడదు. అది వాడి పడకగది.

బయట వచ్చిన చిక్కు మేము ఊహించనిది. వాడికి మంచు తెలియదు. గడ్డి కూడా అంతంతమాత్రమే. అన్నిటికంటే, మెడకు తాడుండగా, పక్కన మనిషి నిలబడి చూస్తుండగా ఆ పని చేయడం తెలియదు. కొట్టంలో గుంపుగా స్వేచ్ఛగా వదిలేసేవారు గదా. నర్సు పక్కనే నిలబడితే శాంపిలు ఇవ్వలేని పేషెంటు ఎలా ఉంటాడో అలా మా మొహం చూస్తూ నిలబడేవాడు. తాడు విప్పుదామంటే మా పెరటికి కంచె లేదు, ఇది గంటకు నలభై మైళ్ళకు పైన పరుగెత్తే జాతి. చివరకు పెరట్లో పదడుగుల మేర మంచును నేల కనపడేదాకా తవ్వి, ఇనప సామాను కొట్టులో యాభై పౌన్ల ఇసుక బస్తా కొని అక్కడ పరిచాం. ఇరవై అడుగుల తాడు కట్టి, మేము ఇంటివైపు తిరిగి నిలబడ్డాం. ఇసుక కాలికి తగలగానే వాడి మొహం మారిపోయింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. తరువాత వారం వారం ఇసుక తగ్గిస్తూ పోయాం. మార్చి నెలాఖరుకు గడ్డిమీదనే. వంటిమీద కొవ్వు, బొచ్చు లేని జాతి కనుక చలికోటు కూడా తప్పలేదు. వణుకుతున్న కుక్కకు ఇంకో ధ్యాస ఉండదు.

వాడు మొదలుపెట్టగానే మెల్లగా "కానీయ్" అనేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆ మాట వినగానే మొదలుపెట్టడం అలవాటైంది. పంతులమ్మగారికీ ఆ మాట నేర్పాం. మా వీధిలో చక్కగా తెలుగు క్రియాపదం పలికే అమెరికన్ ఆవిడ ఆమే. పని ముగిసిన క్షణమే, ఆ చోటనే, చేతిలోంచి జున్ను ముక్క. లోపలికి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు అనుకుంటాడు. ఇంకొక మాట: పని కాగానే గబగబా లోపలికి లాక్కురావద్దు. ముగించిన వెంటనే షికారు అయిపోతుందని తెలిస్తే తెలివైన కుక్క ముగించడమే మానేస్తుంది. ముందు పని, తరువాత షికారు.

కోప్పడడం గురించి మన వాళ్ళతో వాదన తప్పదు. ముక్కు పట్టుకుని తడిలో రాయాలనీ, రెండు తగిలించాలనీ సలహా చెప్పే పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి మధ్యాహ్నం నాటి తడి చూసి కేకలేస్తే, కుక్క ఆ కేకను మధ్యాహ్నంతో ముడిపెట్టుకోలేదు, మన రాకతో ముడిపెట్టుకుంటుంది. పట్టుబడ్డప్పుడు కోప్పడితే, మనిషి ఎదుట ఆ పని చేయకూడదని నేర్చుకుంటుంది. ఇక సోఫా వెనకాల చేస్తుంది, బయట తాడు పట్టుకున్న మన ఎదుటా చేయదు. "తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి" అంటారు. ఆ మొహం మీదనే అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో పరిశోధన ప్రచురించారు. తిననే తినని కుక్కను కూడా యజమాని తిన్నావని కోప్పడితే ఆ దొంగమొహమే పెట్టిందట. అది మన కోపానికి జవాబు, దాని నేరానికి సాక్ష్యం కాదు. గంట కొడితే లాలాజలం కార్చే కుక్కల కథతో పావ్లోవ్ పేరు అందరికీ తెలుసు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి. మా ఇంట్లో ఆ రెండు శాస్త్రాలూ ఒకే పెరట్లో కలిశాయి.

మొదటివారం చార్టులో లోపలి ప్రమాదాలు తొమ్మిది. రెండోవారం ఐదు. మూడోవారం రెండు. నాలుగోవారం మొదట్లో తులసి సంగతి జరిగింది.

చలికాలం తులసికుండీని లోపలికి తెచ్చుకోవడం ఈ రాష్ట్రాల్లో మనందరికీ ఉన్నదే. మా ఇంట్లో అది వంటింటి పక్కన ఎండపడే కిటికీ కింద. పెద్దావిడ పొద్దున స్నానం చేసి చెంబుతో నీళ్ళు పోసి, దణ్ణం పెట్టుకుని ఇటు తిరిగారో లేదో, భైరవుడు వెళ్ళి కుండీ వాసన చూసి కాలెత్తాడు. కొంచెమే. ఒక్క నిమిషం ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ చెంబు కింద పెట్టి పైకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాకా దిగలేదు. ఆ పూట చార్టులో ఆ గడి ఖాళీగానే ఉంది. పాప మాత్రం కుక్క మెడ పట్టుకుని, "ఉగాది ఇంకా రాలేదు గదా" అని పదేపదే అడిగింది.

ఇది మూత్రం ఆగకపోవడం కాదు, సరిహద్దు రాయి పాతుకోవడం. మగకుక్కలు నిలువుగా ఉన్న వస్తువు మీద, ముఖ్యంగా బయటి వాసన ఉన్నదాని మీద, నాలుగు చుక్కలు విదిలిస్తాయి. పెరటి మట్టితో నిండిన కుండీ అంటే వాటికి ఉత్తరం పెట్టె. వృషణాలు తీసేసిన తరువాత ఈ అలవాటు తగ్గుతుంది గాని వెంటనే కాదు, వారాలూ నెలలూ పడుతుంది. మా వాడికి ఆ ఆపరేషన్ పందేలు మానాకనే అయింది. కుండీలన్నీ బల్లలమీదకు ఎక్కించాం. మూడు వారాలు వాడి నడుముకు గుడ్డపట్టీ కట్టాం. కాలెత్తితే తడిసేది వాడి పట్టీయే. ఆ తడి వాడికీ గిట్టదు. పెద్దావిడ దాచుకున్న తులసి విత్తనాలు కొత్త కుండీలో చల్లి పూజగది కిటికీలో పెట్టుకున్నారు. పాత మొక్కను ఏం చేశారో మేము అడగలేదు.

శుభ్రం చేయడానికీ ఒక పద్ధతుంది. అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడకూడదు. మూత్రంలోనూ ఆ వాసనే ఉంటుంది, చెరిపినట్టు కాదు, చిరునామా రాసిపెట్టినట్టు. పెంపుడు జంతువుల సామాన్ల కొట్లలో ఎంజైములు కలిపిన ద్రావకం దొరుకుతుంది. కార్పెట్టు పైపైన తుడిస్తే చాలదు, కింది మెత్త దాకా తడిసేటట్టు పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయాలి. ఎక్కడెక్కడ పోశాడో తెలియకపోతే రాత్రి దీపాలార్పి అతినీలలోహిత కాంతి టార్చి వేసి చూడండి, మరకలు వెలుగుతాయి. తలలో తామర చూడటానికి చర్మవైద్యులు వాడే వుడ్స్ లాంపు కిటుకే ఇది. మా ఇంట్లో ఆ దీపం వెలుగులో కనిపించినవన్నీ కుక్కవి కావు. మామిడిపండు రసం, పాప పాలు కూడా బయటపడ్డాయి.

గడప జరపడం ఎలాగో చెప్పాలి. మొదట వంటింటి పక్కగది ఒక్కటే. రెండు వారాలు అక్కడ తడి లేకపోతే అప్పుడు పక్కగది. కొత్త గదిలోకి ఊరికే వదలకుండా, నాలుగు రోజులు వాడి తిండిగిన్నె అక్కడ పెట్టాం, వాడి దుప్పటి అక్కడ పరిచాం, సాయంత్రం తాడుతో మా పక్కనే ఆ గదిలో పడుకోబెట్టాం. తిన్నచోటు, పడుకున్నచోటు తడపకూడదన్న నియమం వాడి దగ్గర ముందే ఉన్నది. ఆ నియమం ఈ గదికీ వర్తిస్తుందని చెప్పడమే. ఈ తతంగం చూసి పెద్దావిడ అన్నారు, "కొత్తగా కొన్న గేదెను కూడా మొదటిరోజే దొడ్డంతా వదలం. ముందు ఒక గుంజకు కట్టి, అక్కడే కుడితి పెట్టి, అక్కడే పడుకోనిస్తాం. అది తన చోటనుకున్నాక తాడు వదులు చేస్తాం." మేము పుస్తకాలు తిరగేసి కనుక్కున్నది ఆవిడ పుట్టింటి దొడ్లోనే ఉంది.

పెరటి తలుపుకు చిరుగంటలు కట్టి, బయటికి వెళ్ళే ప్రతిసారీ వాడి ముక్కుతో తట్టించేవాళ్ళం. తన కూచిపూడి గజ్జెలు కడదామని పాప అంటే, "నీ గురువుగారికి తెలిస్తే కుక్కతో పాటు నిన్నూ బయట నిలబెడతారు" అని పెద్దావిడ ఆపారు. మార్చి మొదటి వారంలో ఒక రాత్రి ఎవరూ చెప్పకుండా గంటలు మోగాయి. ఐదోవారం తరువాత లోపల జరిగింది ఒక్కసారే. ఉగాది నాడు ఆవిడ గడువు మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ ఏడు చివర్లో ఆవిడ ఊరికి వెళ్ళారు. ఇప్పటికీ ఫోనులో పాప తరువాత అడిగేది తులసి సంగతే.

ఇంత చేసినా కుదరని కుక్కలుంటాయి. మనం లేనప్పుడు మాత్రమే, వెళ్ళిన అరగంటలోపే పోసి, తలుపు గీరి, ఏడ్చే కుక్కకు ఉన్నది ఒంటరితనపు భయం. దానికి గడప పాఠం పనికిరాదు. ఈ దేశంలో దానికి క్లోమిప్రమీన్ 1998లోనూ, ఫ్లువోక్సెటీన్ 2007లోనూ కుక్కలకు అనుమతి పొందాయి. మనం వంగి నిమరబోతే భయంతో కాళ్ళ దగ్గర వదిలేసేదాన్ని చూసీచూడనట్టు ఉండి, పక్కకు తిరిగి కూచుంటే చాలు. గర్భసంచి తీసిన ఆడకుక్క నిద్రలో పక్క తడిపితే అది కండరం బలహీనత. దానికి వాడే మందుల్లో ఒకటి ఫినైల్‌ప్రొపనోలమీన్. మనలో చాలామంది జలుబుకు మింగినదే. మెదడులో రక్తస్రావం భయంతో 2000లో ఇక్కడ మనుషుల మందుల్లోంచి తీయించారు, కుక్కలకు మిగిలింది. ఇవన్నీ పశువైద్యులు తేల్చవలసినవి. మనలో డాక్టర్లు ఇంట్లో ఉన్న బిళ్ళలు తూకం చూసి కుక్కకు వేయవద్దని మా ప్రత్యేక మనవి.

ఆఖరుకు, మమ్మల్ని కుక్కతో సహా భోజనానికి పిలిచే మిత్రులకు ఒక సంగతి. మా ఇంటి గడప తెలిసిన కుక్కకు మీ ఇంటి గడప తెలియదు. కొత్త ఇంట్లో కొంతసేపు మళ్ళీ వాడు పందెపు కుక్కే. అందుకని రాగానే వీధి తలుపులోంచి లోపలికి రాము. ముందు ఇంటి చుట్టూ తిరిగి మీ పెరట్లోకి వెళ్ళి, అక్కడ "కానీయ్" అయ్యాక, తాడు నడుముకు కట్టుకునే లోపలికి వస్తాం. కుండీలేవైనా కింద ఉంటే ఆ కాస్సేపూ బల్లమీద పెట్టించండి. పెరటి తలుపు ఎటువైపో ముందే ఫోనులో చెప్పండి.